పికప్ బండికి ప్రొపెల్లర్ షాఫ్టు - మార్పించే ముందు తెలుసుకోవలసిన సంగతులు

(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాల్లో డి.ఏ. బకాయిల గురించి, వైద్య సదుపాయాల గురించి మాట్లాడుకోవడం ఆనవాయితీ. ఈసారి కార్యదర్శిగారు నన్ను పిలిచి, "గరాజు విషయం ఒకటి చెప్పండి. అయితే మెకానిక్కులకే కాదు, కండక్టర్లకు, ఆఫీసు సిబ్బందికి, ఇంట్లో ఆడవాళ్ళకు కూడా ఉపయోగపడేదై ఉండాలి" అన్నారు. అందుకని ఈ విషయం ఎంచుకున్నాను.

మనలో చాలామంది పదవీ విరమణ రోజున చేతికొచ్చిన గ్రాట్యుటీ, ప్రావిడెంటు ఫండు డబ్బులో కొంత పెట్టి కొడుకుకో అల్లుడికో ఒక పికప్ బండి కొనిచ్చాం. కూరగాయలు, కోళ్ళు, సిమెంటు బస్తాలు, టెంటు సామాను, ఏదో ఒకటి వేసుకుని నాలుగు రాళ్ళు సంపాదించుకుంటున్నారు. బాగుంది. అయితే బండి కొన్న ఏడాది తిరగకముందే మార్పులు మొదలవుతాయి. పైపులు పట్టడం లేదని ఛాసిస్ పొడిగించడం, బరువు ఆగడం లేదని కమానుల్లో పట్టీలు పెంచడం, కింద తగులుతోందని బండిని ఎత్తు చేయడం, పెద్ద టైర్లు వేయడం. బాడీ ఎలా ఉండాలి, రంగు ఏది వేయాలి, ముందు ఏ పేరు రాయించాలి అని ఇంటిల్లిపాదీ కూర్చుని చర్చిస్తారు. కింద తిరిగే షాఫ్టు సంగతి మాత్రం ఎవరికీ గుర్తు రాదు. "దానిదేముంది, ఒక ముక్క అతికిద్దాం" అని వెల్డింగు షాపతను అంటాడు, మనం సరేనంటాం.

నేను చెప్పదలచింది ఒక్కటే. షాఫ్టును లావు చూసి ఎంచుకోకూడదు. పొడవు, వేగం, కోణం ఈ మూడూ కొలిచి ఎంచుకోవాలి. ఆ మూడూ కుదరకపోతే మానుకోవలసింది ఆ మార్పునే. తక్కినదంతా ఈ మాటకు వివరణ.

షాఫ్టు చేసే పని

గేరుబాక్సు ఛాసిస్‌కు బిగించి ఉంటుంది. వెనక హౌసింగు కమానుల మీద ఆధారపడి, గుంట వచ్చినప్పుడల్లా పైకీ కిందకీ ఊగుతుంది. కదలని గేరుబాక్సు నుంచి ఊగే హౌసింగుకు తిరిగే శక్తిని చేర్చేదే ప్రొపెల్లర్ షాఫ్టు. ఊగినా విరగకుండా రెండు చివరలా జాయింటు క్రాసులు ఉంటాయి. దూరం పెరిగినా తగ్గినా సర్దుకోవడానికి ఒకచోట స్ప్లైన్, అంటే పళ్ళున్న జారుడు గొట్టం ఉంటుంది.

ఈ క్రాసు జాయింటుకు పెద్ద చరిత్రే ఉంది. 16వ శతాబ్దపు ఇటలీ పండితుడు కార్డానో పేరు మీద దీనిని కార్డాన్ జాయింటు అంటారు. 17వ శతాబ్దంలో దీని నడకను పరిశీలించిన ఇంగ్లీషు శాస్త్రవేత్త రాబర్ట్ హుక్ పేరు మీద హుక్ జాయింటు అని కూడా అంటారు. మోటారు కార్లు వచ్చిన కొత్తలో చాలావాటికి సైకిలు గొలుసులాంటి గొలుసే వెనక చక్రాలను తిప్పేది. అమెరికాలో క్లారెన్స్ స్పైసర్ అనే యువకుడు కార్లకు పనికివచ్చేలా మూత వేసిన జాయింటును రూపొందించి 1903లో పేటెంటు పొంది, 1904లో తయారీ మొదలుపెట్టాడు. నేటికీ మన మెకానిక్కుల నోట వినిపించే స్పైసర్ పేరు ఆయనదే.

పొడవు: అసలు ప్రమాదం ఇక్కడే

ఆడపిల్లలు తాడాట ఆడేటప్పుడు చూసే ఉంటారు. ఇద్దరు చెరో చివర పట్టుకుని తిప్పితే మధ్యలో తాడు విల్లులా బయటికి వంగుతుంది. పొడవైన షాఫ్టు కూడా ఒక వేగం దాటితే అదే పని చేస్తుంది. చేత్తో వంచబోతే వంగని ఇనుప గొట్టం, నిమిషానికి ఇన్ని తిరుగుళ్ళు అనే ఒక హద్దుకు చేరేసరికి మధ్యలో వంగి ఊగడం మొదలుపెడుతుంది. దానిని విపత్కర వేగం అందాం. ఆ వేగంలో కాసేపు ఉంటే షాఫ్టు వంగిపోతుంది, లేదా క్రాసు పగిలి ఊడిపోతుంది.

ఈ హద్దు పొడవు వర్గాన్ని బట్టి తగ్గుతుంది. పొడవు రెట్టింపు అయితే హద్దు సగం కాదు, నాలుగో వంతుకు పడిపోతుంది. ఒక లెక్క చూద్దాం. 76 మిల్లీమీటర్ల వ్యాసం, 2 మిల్లీమీటర్ల మందం ఉన్న ఉక్కు గొట్టంతో చేసిన షాఫ్టు అనుకోండి. క్రాసు నుంచి క్రాసుకు పొడవు 1.5 మీటర్లు అయితే లెక్క ప్రకారం విపత్కర వేగం నిమిషానికి సుమారు 5,600 తిరుగుళ్ళు. ఛాసిస్‌ను అర మీటరు పొడిగించి అదే గొట్టాన్ని 2 మీటర్లు చేశారనుకోండి. అది సుమారు 3,150కి దిగిపోతుంది. పెంచింది మూడో వంతు పొడవు, పోయింది నూటికి 44 వంతుల భద్రత.

బండి నడిచేటప్పుడు షాఫ్టు ఎంత వేగంగా తిరుగుతుందో చూద్దాం. టైరు ఒకసారి దొర్లితే సుమారు 2.1 మీటర్లు పోతుందనుకుందాం. హౌసింగులో క్రౌను, పినియను నిష్పత్తి 4.3 అనుకుందాం. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో చక్రం నిమిషానికి 635 సార్లు తిరుగుతుంది. దానిని 4.3తో హెచ్చిస్తే షాఫ్టు సుమారు 2,700 సార్లు తిరుగుతుంది. 100 కిలోమీటర్ల వేగంలో 3,400 సార్లు. అంటే ఆ 2 మీటర్ల షాఫ్టుకు 100 కిలోమీటర్ల వేగం హద్దు దాటిపోయినట్టే.

80లోనే నడుపుతాం కదా అంటారేమో. లెక్కలో వచ్చిన హద్దు కొత్త గొట్టానికి, తిన్నగా ఉన్నదానికి, గట్టి ఆధారాలకు వర్తిస్తుంది. వాడిన బండిలో క్రాసు అరిగి ఉంటుంది, స్ప్లైన్ లూజుగా ఉంటుంది, గేరుబాక్సు రబ్బరు దిమ్మెల మీద కూర్చుని ఉంటుంది. అందువల్ల లెక్కలో వచ్చిన హద్దులో మూడు వంతులు దాటనివ్వకపోవడం మంచి పద్ధతి. 3,150లో మూడు వంతులంటే సుమారు 2,360. అది గంటకు 70 కిలోమీటర్ల దగ్గరే వచ్చేస్తుంది. ఖాళీ బండితో హైవే మీద తిరిగి వచ్చే కుర్రవాడు 70లో ఆగుతాడా? మీరే చెప్పండి.

ఇంకో మాట. షాఫ్టు వేగాన్ని ఇంజను మీటరు చూసి చెప్పకూడదు. నాలుగు గేర్ల బండిలో టాపు గేరులో సాధారణంగా ఇంజను ఎంత తిరిగితే షాఫ్టు అంతే తిరుగుతుంది. అయిదో గేరు ఓవర్‌డ్రైవ్ అయితే ఇంజను కంటె షాఫ్టే ఎక్కువ తిరుగుతుంది. కాబట్టి లెక్క టైరు వైపు నుంచి, రోడ్డు వేగాన్ని బట్టి వేయాలి.

లావు రాడ్డు వేస్తే సరిపోదా?

ఇది తరచు వినిపించే ప్రశ్న. సరిపోదు. విపత్కర వేగాన్ని పెంచేది గొట్టం వ్యాసమే గాని మందం కాదు. అదే 76 మిల్లీమీటర్ల వ్యాసంతో లోపల గుల్ల లేని గట్టి రాడ్డు వేస్తే, బలం ఎక్కువైనా, దాని బరువే దానికి శత్రువు. హద్దు గొట్టం కంటె తక్కువకు, రమారమి మూడు వంతులకు పడిపోతుంది. వెదురు గుల్లగా ఉండి కూడా ఎందుకు నిలబడుతుందో ఆలోచిస్తే ఈ సంగతి బోధపడుతుంది.

వ్యాసం పెంచి 90 మిల్లీమీటర్ల గొట్టం వేస్తే 2 మీటర్ల పొడవుకు హద్దు సుమారు 3,750 అవుతుంది. మూడు వంతుల లెక్కన గంటకు 80కి చాలుతుంది, 100కి చాలదు. పైగా లావు గొట్టం సైలెన్సరుకో, ఛాసిస్ అడ్డపట్టీకో తగలవచ్చు. పందెపు కార్లకు అల్యూమినియంతో, కార్బన్ ఫైబరుతో షాఫ్టులు చేస్తారు. కూరగాయల బండికి వాటితో పని లేదు.

సరైన మార్గం మనందరికీ తెలిసినదే. మన బస్సుల కింద ఒకే షాఫ్టు ఉండేదా? రెండు ముక్కలు, కొన్నిటిలో మూడు ముక్కలు, మధ్యలో సెంటర్ బేరింగులు. బస్సు పొడవు కాబట్టి తయారీదారులు ఆ ఏర్పాటు చేశారు. పైన చెప్పిన 2 మీటర్ల దూరాన్ని రెండు 1 మీటరు ముక్కలు చేస్తే, ఒక్కొక్కదాని హద్దు 12,000 దాటుతుంది. ఇక ఏ హైవే మీదా ఆ భయం ఉండదు.

సెంటర్ బేరింగు వేసినంత మాత్రాన పని అయిపోయిందనుకోకూడదు. దానిని పట్టే అడ్డపట్టీ ఛాసిస్ రెండు వైపులా గట్టిగా బోల్టులతో బిగించినదై ఉండాలి. పలుచని యాంగిల్ ముక్కను వెల్డింగు చేసి దానికి వేలాడదీస్తే ఆ పట్టీయే ఊగుతుంది. బేరింగు షాఫ్టుకు నిటారుగా కూర్చోవాలి. దాని చుట్టూ ఉన్న రబ్బరు చిరిగిందేమో ఏడాదికి రెండుసార్లయినా చూసుకోవాలి.

కోణం: బండిని ఎత్తు చేసినవారికి

క్రాసు జాయింటుకు ఒక విచిత్రమైన గుణం ఉంది. ఒక వైపు సమవేగంతో తిప్పినా, రెండో వైపు సమవేగంతో తిరగదు. ఒక్కొక్క తిరుగుడులో రెండుసార్లు కొంచెం త్వరపడి, రెండుసార్లు కొంచెం వెనకబడుతుంది. ఎంత అన్నది కోణాన్ని బట్టి ఉంటుంది. 3 డిగ్రీల వంపులో ఈ తేడా నూటికి 0.14 మాత్రమే. 10 డిగ్రీలకు నూటికి ఒకటిన్నర. 20 డిగ్రీలకు నూటికి 6. 30 డిగ్రీలకు పైకి 15, కిందకి 13. షాఫ్టు నిమిషానికి 2,700 సార్లు తిరిగేటప్పుడు ఈ కుదుపు నిమిషానికి 5,400 సార్లు, అంటే సెకనుకు 90 సార్లు. గేరుబాక్సు పళ్ళ మీద, పినియను బేరింగు మీద అది సుత్తి దెబ్బలా పడుతూనే ఉంటుంది.

దీనికి విరుగుడు రెండో చివర ఉన్న క్రాసే. ముందు క్రాసు చేసిన తప్పును వెనక క్రాసు సరిదిద్దాలి. అందుకు రెండు షరతులు ఉన్నాయి. ఒకటి, రెండు చివరల కోణాలు సమానంగా ఉండాలి, అంటే గేరుబాక్సు షాఫ్టూ, హౌసింగు పినియనూ ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి. రెండు, షాఫ్టు రెండు చివరల యోకులు ఒకే వరసలో ఉండాలి. నేల మీద పెట్టి ఒక చివర నుంచి చూస్తే ఒక యోకు చెవులు రెండో యోకు చెవులకు సూటిగా కనబడాలి. స్ప్లైన్ విప్పి మళ్ళీ కలిపేటప్పుడు ఒక్క పన్ను తేడాతో పెట్టినా ఈ వరస చెడుతుంది. అందుకే విప్పే ముందు రెండు ముక్కల మీదా పంచితోనో రంగుతోనో గుర్తు పెట్టాలి. కొన్ని షాఫ్టుల మీద తయారీదారే బాణం గుర్తులు వేస్తాడు. ఎన్నేళ్ళ అనుభవం ఉన్నవారైనా ఆ గుర్తు చూసే బిగించాలి.

ఇప్పుడు బండిని ఎత్తు చేస్తే ఏమవుతుందో చూడండి. కమానుకూ హౌసింగుకూ మధ్య దిమ్మెలు పెట్టారు, పట్టీలు పెంచారు. షాఫ్టు ఏటవాలు పెరిగింది. దిమ్మె ఏ కొంచెం వంకరగా ఉన్నా, కమాను కూర్చునే తీరు మారినా, హౌసింగు ముక్కు పైకో కిందకో తిరిగి రెండు కోణాలూ వేరయ్యాయి. బరువు బండ్లకు ఒక్కొక్క జాయింటు కోణం 3 డిగ్రీలలోపు ఉండడం, రెంటి మధ్య తేడా ఒక డిగ్రీ దాటకపోవడం మంచి హద్దు. అలాగని కోణం బొత్తిగా సున్నా కాకూడదు. అరడిగ్రీ నుంచి ఒక డిగ్రీ అయినా ఉంటేనే కప్పులోని సూది బేరింగులు కదిలి గ్రీజు పరుచుకుంటుంది. కదలకపోతే అవి ఒకేచోట ఒత్తుకుని క్రాసు మీద గాట్లు పడతాయి.

రెండు ముక్కల షాఫ్టులో ముందు ముక్క గేరుబాక్సుకు దాదాపు తిన్నగా, ఒక డిగ్రీ అటూ ఇటూగా ఉండాలి. వెనక ముక్క రెండు చివరల కోణాలు సమానం కావాలి. అంటే పినియను ముందు ముక్కకు సమాంతరంగా ఉండాలి. కోణం సరిచేయడానికి కమానుకూ హౌసింగు ప్యాడుకూ మధ్య ఏటవాలు చీలికలు పెడతారు. అవి ఉక్కువై, సెంటర్ బోల్టుతో కదలకుండా ఉండాలి.

కోణం కొలవడం పెద్ద విద్యేమీ కాదు. బండిని సమతలం మీద నిలబెట్టి, గేరుబాక్సు ఫ్లాంజి మీద, షాఫ్టు మీద, పినియను ఫ్లాంజి మీద కోణమాపకం పెట్టి మూడు అంకెలు రాసుకోవాలి. ఇప్పుడు మనవలు చేతిలో పట్టుకు తిరిగే ఫోనులో కూడా ఆ సదుపాయం ఉంది. ఒకసారి ఖాళీ బండితో, ఒకసారి బరువు వేసి కొలవాలి. బండి బతికేది బరువుతో కాబట్టి, బరువుతో వచ్చిన అంకెకే ప్రాధాన్యం.

అమెరికాలో ఉన్న మన పిల్లల్లో కొందరు నాలుగు చక్రాలూ లాగే పికప్పులు కొని సరదాగా ఎత్తు చేయిస్తుంటారు. అలాంటి బండ్లలో వెనక షాఫ్టు పొట్టిగా ఉంటే కోణం బాగా నిటారవుతుంది. అక్కడ ముందు చివర రెండు క్రాసులు జంటగా ఉండే డబుల్ కార్డాన్ జాయింటు వాడతారు. అది తన తప్పును తానే దిద్దుకుంటుంది. అప్పుడు పినియను సమాంతరంగా ఉండకూడదు. షాఫ్టు వైపే చూస్తున్నట్టు దాదాపు తిన్నగా తిప్పాలి. జాయింటు మార్చి పినియను మార్చకపోతే డబ్బు ఖర్చయినా వణుకు పోదు.

జారుడు పొడవు, బరువు

స్ప్లైన్ ఎంత లోపలికి, ఎంత బయటికి జారగలదో కూడా చూడాలి. బరువు పడి కమాను చదునైతే హౌసింగు జరుగుతుంది. అప్పుడు స్ప్లైన్ లోపలికి పూర్తిగా కొట్టుకుంటే ఆ దెబ్బ గేరుబాక్సు బేరింగు మీద పడి, సీలు పోయి ఆయిలు కారుతుంది. బండిని జాకీ మీద లేపి చక్రాలు వేలాడినప్పుడు స్ప్లైన్ మరీ బయటికి వస్తే, కొద్ది పళ్ళ మీదే బరువంతా పడుతుంది. రెండు స్థితుల్లోనూ కొలిచి, లోపలి వైపు కనీసం ఒక అంగుళం ఖాళీ ఉండేటట్టు పొడవు నిర్ణయించాలి.

ఇక బరువు సంగతి. ఇంజను 200 న్యూటన్ మీటర్ల తిప్పుడు శక్తి ఇస్తే, మొదటి గేరు నిష్పత్తి 4 అయితే షాఫ్టు మీద 800 పడుతుంది. క్లచ్చి ఒక్కసారిగా వదిలితే క్షణకాలం అంతకంటె ఎంతో ఎక్కువ పడుతుంది. అప్పుడు షాఫ్టును కాపాడేది టైరే. పట్టు మించితే టైరు జారిపోతుంది. ఇంట్లో కరెంటు ఫ్యూజులాంటిది. వెనక ఇరుసు మీద ఒకటిన్నర టన్ను ఉన్నప్పుడు, తారు రోడ్డు మీద ఆ ఫ్యూజు సుమారు 840 దగ్గర పోతుంది. అదే ఇరుసు మీద మూడు టన్నులు వేస్తే 1,680 దాకా పోదు. అంటే అధిక బరువు వేయడమంటే ఫ్యూజు వైరు తీసి మేకు పెట్టడమే. ఘాటు రోడ్డు ఎక్కుడులో, బురదలో దిగబడి రాయి మీద పట్టు దొరికినప్పుడు క్రాసులు ఎందుకు పగులుతాయో దీనివల్ల తెలుస్తుంది. ఆ పగిలేది గొట్టం కాదు, క్రాసు. కాబట్టి గొట్టం లావు చూసి మురిసిపోకుండా, క్రాసు సైజు, ఫ్లాంజి బోల్టుల సైజు చూడాలి. కంపెనీ చెప్పిన గ్రేడు బోల్టులే వాడాలి. కుదరలేదని ఫ్లాంజిలో కొత్త రంధ్రాలు వేయనివ్వకూడదు.

చేయించే పద్ధతి

పాత గొట్టాన్ని మధ్యకు కోసి, ముక్క పెట్టి, చుట్టూ పట్టీ వేసి వెల్డింగు చేయడం ఎట్టి పరిస్థితుల్లోనూ ఒప్పుకోవద్దు. కావలసిన పొడవుకు ఒకే కొత్త గొట్టం తీసుకోవాలి. అది షాఫ్టుల కోసమే తయారైనది కావాలి గాని నీళ్ళ పైపు కాదు. రెండు చివరలా యోకులు కూర్చి, లేతు మీద పెట్టి, డయల్ గేజితో వంకర చూసి, చుట్టూ సమానంగా వెల్డింగు చేయాలి. వేడికి వంగిందేమో మళ్ళీ చూడాలి. చివరిగా బ్యాలెన్సింగు మెషీను మీద తిప్పి, బరువు ముక్కలు అతికించాలి. పట్టణాల్లో ఈ మెషీన్లు ఉన్న షాపులు ఉన్నాయి. అక్కడికి పంపే ఖర్చుకు వెనకాడి గేరుబాక్సు పోగొట్టుకోవద్దు.

చట్టం ఏమంటోంది

ఇది కుటుంబాలు తప్పక తెలుసుకోవాలి. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలు తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నమయ్యేటట్టు యజమాని బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఒక తీర్పులో ఈ సంగతి స్పష్టం చేసింది. 2019లోనే చట్ట సవరణతో చేరిన 182ఎ సెక్షను ప్రకారం, అనుమతి లేని మార్పులకు యజమానికి ఆరు నెలల వరకు జైలు గాని, ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. యజమాని అంటే స్టీరింగు పట్టినవాడు కాదు, ఆర్.సి. మీద పేరున్నవాడు. చాలా ఇళ్ళలో ఆ పేరు మనదే! ప్రమాదం జరిగితే ఈ మార్పును చూపించి బీమా కంపెనీ క్లెయిముకు పేచీ పెట్టవచ్చు కూడా.

ఛాసిస్ పొడవు వీల్‌బేసును మారుస్తుంది, వీల్‌బేసు రిజిస్ట్రేషను వివరాల్లో ఒకటి. కాబట్టి పొడవు బండి కావాలంటే కంపెనీ చేసిన పొడవు మోడలే కొనండి. అందులో షాఫ్టు, బ్రేకు పైపులు, కమానులు అన్నీ ఆ పొడవుకు తగ్గట్టు లెక్కకట్టి వస్తాయి. ఏ మార్పు చేయాలన్నా ముందు రవాణా కార్యాలయంలో రాతపూర్వకంగా అడగండి.

చెడు లక్షణాలు, జాగ్రత్తలు

ఇప్పటికే మార్పించినవారు, సెకండ్ హ్యాండులో అలాంటి బండి కొన్నవారు ఈ లక్షణాలు గమనించగలరు. వేగం పెరిగేకొద్దీ పెరిగి, క్లచ్చి తొక్కి గేరు తీసినా పోని వణుకు షాఫ్టు బ్యాలెన్సుదో, వంకరదో, టైర్లదో అయి ఉంటుంది. బరువుతో బయలుదేరేటప్పుడు తక్కువ వేగంలో వచ్చి పోయే అదురు కోణానిదో, సెంటర్ బేరింగుదో. ముందుకూ వెనక్కూ గేరు వేసినప్పుడు "టక్" మని శబ్దం వస్తే క్రాసో, స్ప్లైనో అరిగింది. కప్పు చుట్టూ ఎర్రటి తుప్పుపొడి కనబడితే లోపల గ్రీజు ఎండిపోయినట్టే. గ్రీజు కొట్టేటప్పుడు నాలుగు కప్పుల నుంచీ పాత గ్రీజు బయటికి వచ్చేదాకా కొట్టాలి. మూడింటి నుంచి వచ్చి ఒకదాని నుంచి రాకపోతే, ఆ ఒక్కటే రేపు రోడ్డు మీద పగిలేది.

షాఫ్టు విరిగితే ఏమవుతుంది? వెనక చివర ఊడితే రోడ్డు మీద ఈడ్చుకుంటూ పోతుంది. ముందు చివర ఊడి కిందపడితే అది రోడ్డులో గుచ్చుకుని బండినే పైకి లేపేయవచ్చు. ఊడిన షాఫ్టు తిరుగుతూ బ్రేకు పైపును, డీజిలు ట్యాంకును కొట్టవచ్చు. అందుకే ముందు జాయింటుకు దగ్గరగా షాఫ్టు చుట్టూ ఒక ఇనుప రక్షణ వలయం ఉండాలి. కొన్ని బండ్లలో దీనిని మార్పు చేసేటప్పుడు తీసి పారేస్తారు. తప్పకుండా తిరిగి పెట్టించండి.

చివరిగా ప్రాణానికి సంబంధించిన మాట. కొన్ని బండ్లలో, ముఖ్యంగా పాత జీపుల్లో, హ్యాండు బ్రేకు చక్రాల మీద కాక గేరుబాక్సు వెనక షాఫ్టు మీద పనిచేస్తుంది. గేరులో పెట్టి ఆపడం కూడా షాఫ్టు ద్వారానే. షాఫ్టు బోల్టులు విప్పిన క్షణంలో ఈ రెండు పట్లూ పోతాయి. బండి దొర్లుతుంది, కింద మనిషి పడుకుని ఉంటాడు. కాబట్టి చక్రాలకు ముందూ వెనకా గట్టి అడ్డు దిమ్మెలు పెట్టకుండా షాఫ్టు బోల్టు మీద స్పానరు వేయకూడదు. మీ పిల్లల చేత, వాళ్ళ క్లీనరు చేత ఈ ఒక్క అలవాటు చేయించగలిగితే ఈ ప్రసంగం వృథా కానట్టే.

మెకానిక్కును అడగవలసిన ప్రశ్నలు

ఇంటికి వెళ్ళాక పిల్లలకు చూపించడానికి వీలుగా ఈ ప్రశ్నలు రాసి ఇస్తున్నాను.

1. ఈ మార్పుకు రవాణా కార్యాలయం అనుమతి ఉందా?
2. క్రాసు నుంచి క్రాసుకు పొడవు ఎంత? పాతదెంత?
3. ఈ బండి పోగల గరిష్ఠ వేగంలో షాఫ్టు ఎన్నిసార్లు తిరుగుతుంది? ఈ గొట్టం హద్దు ఎంత?
4. ఒకే ముక్కా, రెండు ముక్కలా? సెంటర్ బేరింగు దేనికి బిగిస్తున్నారు?
5. బరువు వేసినప్పుడు రెండు చివరల కోణాలు ఎంతెంత?
6. యోకులు ఒకే వరసలో ఉన్నాయా? గుర్తు పెట్టారా?
7. స్ప్లైన్‌కు లోపలికీ బయటికీ ఎంత చోటు ఉంది?
8. కొత్త గొట్టమా, అతుకా? బ్యాలెన్సింగు ఎక్కడ చేయించారు?
9. రక్షణ వలయం ఉందా?

ఈ తొమ్మిదింటిలో రెండు, మూడు ప్రశ్నలకు జవాబు రాకపోతే బండిని వెనక్కు తెచ్చుకోండి. జవాబు చెప్పగల షాపు వెదుక్కోవడానికి నాలుగు రోజులు ఆలస్యమైనా నష్టం లేదు.

మిత్రులారా, మన చేతుల మీదుగా ఎన్నో బండ్లు బాగై రోడ్డెక్కాయి. వాటిలో కూర్చున్న ప్రయాణికులు తమ కాళ్ళ కింద తిరుగుతున్నదేమిటో ఎన్నడూ ఆలోచించలేదు. ఆలోచించే పని మనది కాబట్టి వారు నిశ్చింతగా కూర్చున్నారు. ఇప్పుడు ఆ బండిలో కూర్చున్నది మన పిల్లలు. ఉద్యోగానికి రిటైర్మెంటు ఉంది గాని ఆ జాగ్రత్తకు లేదని మనవి చేస్తున్నాను.